పొగరంగు పెట్ట

నల్లగొండ బస్టాండు కార్గో కౌంటర్ల పిల్లగాడు
పంపేటోళ్ల పేరు అడిగిండు.
అండాలు, అన్న.
లోపలేమున్నయమ్మా అన్నడు.
అవే బిడ్డా, అన్న.
రసీదు మీద రెండు గడులల్ల ఒక్కటే మాట రాసి
నవ్వాపుకోలేక పెన్ను కింద పడేసుకున్నడు.

పన్నెండు గుడ్లు. మొన దిక్కు కిందికి.
ఒక్కోదాన్ని పాత పేపర్ల చుట్టి
సందులల్ల వరిపొట్టు కూరిన.
మక్తల్ దాక పోవాలె.
ఇంజను మీద మాత్రం పెట్టకుండ్రి,
దేవరకద్ర దాటకముందే పొదుగుతయి, అన్న.

ఇరవై రెండేండ్లు గట్టుప్పల్ల చిటికి కట్టిన.
సైకిల్ ట్యూబు పట్టీలు పండ్లతోని గుంజి
పోగుల మీద బిగిస్తె
రంగు ఆడికే ఆగాలె. ఆగేది.
గోరంత అవుతలికి పాకినా
సేటు చీరను మొఖం మీద ఇసిరేటోడు.
వేళ్ల సందులు ఎప్పటికీ నీలమే,
బువ్వ కలిపితె చారు గూడ అట్లనే కనబడేది.

కోడి ఈకకు పట్టీ కట్టరాదు.

మొదటి పెట్టను కొండమల్లేపల్లి అంగట్ల కొన్న.
వాన రాకముందు గుట్ట మీద నిలవడే పొగ ఉంటది సూడు,
ఆ రంగు. మెడకాడ చిక్కగ,
కడుపుకాడ తోమిన సిల్వర్ గిన్నె లెక్క.
అమ్మేటాయన మైల అన్నడు.
మైల గుడ్డ అంటరు, మైల పడ్డదంటరు,
ఇంత ముద్దుగున్నదానికి అదేం పేరు?
నేను పొగరంగు అన్న.
అసొంటి పుంజునే ఆర్నెల్లు ఎతికి తెచ్చి జోడు కట్టిన.

నెల కింద గౌసుమియా ఫోను.
"అక్కా, బస్సు కుదుపుకు మూడు చెడిపోయినయి,
దానికి నేనేమంట లేను.
తొమ్మిది లేచినయి. పొగ నాలుగే.
మూడు బొగ్గు.
రెండిటికి సున్నం మీద సిరా చల్లినట్టున్నది.
వేరేటియి కలిపినవా?"

ఒట్టు పెట్టుకుందునే గని
నా గంప కిందనే అదే లెక్క ఉండె.
దొడ్డి గోడ మీద బొగ్గుతోని గీతలు గీసి పెట్టిన:
పొగకు పొగ కడితె సగమే పొగ.
మిగిలిన సగంల సగం నలుపు,
సగం చుక్కల తెలుపు.
ఎన్నిసార్లు పొదిగేసినా
అటిటు అదే.

నల్లయి, చుక్కలయి కూరకు అమ్ముతుంటి.
సేటు చీర ఇసిరినట్టే.

గీ ఎండకాలం పొగపుంజును జంగపిల్లి ఎత్కపోయింది.
అంగడి దినం ఇంక రాలేదు గనుక
మిగిలిపోయిన నల్ల పుంజు ఒకటి,
ఎవ్వలూ బేరం చెయ్యని చుక్కల పెట్ట ఒకటి.
వాటి గుడ్లు పదకొండు
పొదుగు మీదున్న పెట్ట కింద పెట్టిన, ఊకెనే.
ఒకటి మురిగింది.
ఇరవై ఒకటో నాడు గంప లేపితె
పదికి పది, పొగ.
వాకిట్ల ఎండకు పట్టి చూసిన. బల్బు కింద చూసిన.
నమ్మబుద్ధి కాక మల్లొకసారి ఏసిన.
మల్ల అంతే.

గీ ముచ్చట మా ఆయనకు చెప్తె
మగ్గం గుంతల నుంచి తల గూడ ఎత్తలే.
"పడుగు నలుపు, పేక తెలుపు నేస్తె
దూరం నుంచి చూసినోనికి ఏ రంగు?
ఇన్నేండ్లు నా పక్కన కూసొని ఏం చూసినవే?"

నేను కట్టుడే చూసిన.
కలుసుడు చూడలే.

గౌసుమియా, నీకు పైసల్లేకుండ పంపుతున్న గీ డబ్బ
పొగపెట్టవి కావు. నల్లదానికి, చుక్కలదానికి పుట్టినయి.
అన్నీ పొగే లేస్తయి, చూడు.
గని రేపు వాటికి వాటినే కడితె
మల్ల నువ్వు ఎవలికో ఒట్టు పెట్టవలసొస్తది.
అందుకే మొన్నటి బొగ్గుపిల్లలను కొయ్యకు.
ఆ సిరా చుక్కలదాన్ని అసలే కొయ్యకు.

ఇంకోటి.
డబ్బ దిగంగనే కోడి కింద పెట్టకు,
ఒక దినం నీడకు కదిలియ్యకుండ ఉంచు.
మూడు జిల్లాల గుంతలెక్కి దిగి వస్తయి,
గుడ్లకు గూడ తల తిరుగుతది.